సంచుల దగ్గర ఎవరు కూర్చుంటారు

స్నేహితురాళ్ళం కలిసి ఎక్కడికైనా వెళ్దామనుకున్నప్పుడు మొదటి ఫోను నేను టైలరింగు చేసే స్నేహితురాలికే చేస్తాను. విజయనగరంలో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో ఒకే గదిలో ఉన్న ఆరుగురిలో తనొకతె. ఇప్పుడు ఆ ఊళ్ళోనే చిన్న గది అద్దెకు తీసుకుని జాకెట్లు, చుడీదార్లు కుడుతోంది. మిగతావాళ్ళలో ఒకతె బ్యాంకు ఆఫీసరు, ఒకతె హైస్కూల్లో తెలుగు టీచరు, ఒకతె పెళ్ళయిన ఏడాదికే అమెరికా వెళ్ళి స్థిరపడింది, ఇంకొకతె మంచం పట్టిన అత్తగారిని చూసుకుంటూ ఇంటిపట్టునే ఉంటోంది. “ఎప్పుడైతే కుదురుతుందే నీకు? ఎంతలో అయిపోవాలి?” అని తనను అడిగాకే మిగతా వాళ్ళకి కబురు పెడతాను.

శ్రావణమాసంలో, దసరాకి ముందు, సంక్రాంతికి ముందు తన గదిలో జాకెట్ గుడ్డల మూటలు గుమ్మం దాకా పేరుకుంటాయి. అప్పుడు ఒక్కరోజు తలుపు వేసినా వచ్చిన మనిషి పక్కవీధికి వెళ్ళిపోతుంది. ఆఫీసరుకి రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు కాబట్టి ఆదివారంతో కలిపి రెండు రోజులు చేతికొస్తాయి, కానీ మార్చి నెలాఖర్లో తనని కదపలేం. పదో తరగతి పరీక్షలు, ఆ పేపర్లు దిద్దడం పూర్తయ్యేదాకా టీచరుకి ఊపిరి సలపదు. అత్తగారి సేవలో ఉన్న ఆమెకైతే తోటికోడలు వచ్చి “నేనుంటాను, నువ్వెళ్ళిరా” అంటే తప్ప గడప దాటే వీలు లేదు. వీటన్నిటి మధ్య దొరికిన సందులోనే మా ప్రయాణం. ఎవరికి తీరిక తక్కువో వాళ్ళకి కుదిరిన రోజు, ఎవరి చేతిలో డబ్బు తక్కువో వాళ్ళకి అందిన చోటు. స్నేహితులు కలిసి వెళ్ళే ప్రయాణానికి ఇంతకు మించిన కొలత లేదని నా గట్టి నమ్మకం.

అలా చూసుకోకపోతే ఏమవుతుందో చాలా బృందాల్లో చూశాను. అందరికంటే బాగా సంపాదించే మనిషి ఒక చోటు చెబుతుంది. అక్కడ గది అద్దె ఇంతని తెలియగానే ఒకతె, “ఈసారికి మీరు వెళ్ళొచ్చేయండే, నాకు కొంచెం పనుంది” అంటుంది. ఏం పని అని ఎవరూ అడగరు, అడిగితే బాగుండదని అందరికీ లోపల తెలుసు. రెండోసారీ అదే జవాబు వస్తుంది. మూడోసారి, ఎలాగూ రాదు కదా అని అసలు పిలవరు. పోట్లాట లేదు, మాటా మాటా అనుకున్నదీ లేదు, ముప్ఫై ఏళ్ళ స్నేహంలోంచి ఒక మనిషి తప్పుకుని వెళ్ళిపోతుంది. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే ఇంత పట్టుదల.

తక్కువున్నవాళ్ళ కొలతతో అందరూ కలిసి వెళ్ళే ఈ విద్య మనవాళ్ళకి కొత్తదేం కాదు. కార్తీకమాసంలో వనభోజనాలకి వెళ్ళేటప్పుడు మా అమ్మమ్మ వాళ్ళ వీధి ఆడవాళ్ళు చేసింది ఇదే. ఒకరింటి నుంచి బియ్యం, ఒకరింటి నుంచి కందిపప్పు, పెరట్లో కాసిన ఆనపకాయ ఉన్నవాళ్ళు అది, ఏమీ తేలేని ఇంటి మనిషి పొయ్యి దగ్గర నిలబడి గరిటె తిప్పేది. ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు వేశాక ఏ మెతుకు ఎవరిదో తేల్చి చెప్పేవాళ్ళు లేరు. ఇంకొక సంగతి కూడా ఉంది. సినిమాకి వెళ్తానంటే సవాలక్ష ప్రశ్నలడిగే ఇంట్లో కూడా కార్తీకమాసం, ఉసిరిచెట్టు, శివుడు అనేసరికి కాదనే వాళ్ళుండేవారు కాదు. ఏడాదంతా వంటింట్లో గడిపిన ఆడవాళ్ళకి ఆ ఒక్క పూట తోటలో, ఈడువాళ్ళతో, గొంతు తగ్గించుకోకుండా నవ్వుకునే వీలుండేది. వనభోజనాల పుణ్యమంతా నాకు అందులోనే కనిపిస్తుంది.

మా ప్రయాణాల్లో నేను ఎక్కువ ఇష్టంగా తలుచుకునేది బొర్రా గుహలకి వెళ్ళినది. విశాఖపట్నంలో పొద్దున్నే బయల్దేరే కిరండోల్ బండి ఎక్కాం. ఆ రైలు అద్దాల బోగీలో వెళ్ళొచ్చని ఆఫీసరు అంది, టిక్కెట్టు ధర చూసి మామూలు బోగీయే ఖాయం చేశాం. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన లైను అది. ఖనిజం బళ్ళకి దారివ్వడానికి మన బండి ఎక్కడో ఒకచోట ఆగుతూనే ఉంటుంది. శృంగవరపుకోట, బొడ్డవర దాటాక కొండ ఎక్కడం మొదలవుతుంది, సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో కుర్రకారు కేకలు పెడతారు. శివలింగపురంలో బండి చాలాసేపు ఆగింది. ఎర్రటి దుమ్ము పట్టిన వ్యాగన్లు ఎదురుగా దిగుతున్నాయి, తెగవు. మాడుగుల హల్వా పొట్లం విప్పి పంచుతూ మా టైలరు, కొడుకు ఇంజినీరింగు మధ్యలో మానేసిన సంగతి అప్పుడు చెప్పింది. వారానికోసారి ఫోన్లో మాట్లాడుకుంటాం, అంతకుముందు ఒక్కసారీ ఆ మాట రాలేదు. ఎవరమూ సలహా ఇవ్వలేదు. టీచరు మాత్రం, “వాణ్ణి ఒకసారి మా ఇంటికి పంపవే, నేను మాట్లాడతాను” అంది. కారులో వెళ్ళుంటే త్వరగా చేరేవాళ్ళం, ఈ మాట మాత్రం వినేవాళ్ళం కాదు. స్నేహితులతో వెళ్ళేటప్పుడు ఆగి ఆగి వెళ్ళే బండే ఎక్కండని అందరికీ చెబుతుంటాను.

బొర్రా స్టేషన్లో దిగి గుహల దాకా నడిచాం. లోపలికి దిగాలంటే మెట్లు చాలానే ఉన్నాయి, తడిసి జారుతుంటాయి. ఆఫీసరుకి మోకాళ్ళ నొప్పులు. పై మెట్టు దగ్గరే ఆగిపోయి, “మీరు చూసి రండే, నేను సంచుల దగ్గర కూర్చుంటాను” అంది. ప్రతి బృందంలోనూ ఈ మాట అనే మనిషి ఒకరుంటారు. ఒక ప్రయాణంలో అన్నవాళ్ళే మళ్ళీ మళ్ళీ అంటారు, చివరికి ఆ మనిషి సంచుల కాపలాకి వచ్చినట్టే అయిపోతుంది. వాళ్ళని అక్కడ ఒంటరిగా వదిలేస్తే కలిసి బయల్దేరినందుకు అర్థమేముంది? అంతకుముందు గుహలు చూసినవాళ్ళెవరని అడిగాను. టీచరు పిల్లల్ని విహారయాత్రకి తీసుకొచ్చినప్పుడు చూసిందట, తను కూర్చుంది. మేం సగం తిరిగాక నేను పైకొచ్చి తనని లోపలికి పంపాను, పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ తిరిగిన మనిషి గుహని ఏం చూసి ఉంటుంది! ఆ కాసేపూ కోతులు సంచుల మీద పడకుండా చూసుకుంటూ నేనూ ఆఫీసరూ తన రిటైర్మెంటు గురించి మాట్లాడుకున్నాం. ఒంటరిగా ఉండబోయే ఇంటి గురించి తనకెంత దిగులుందో అక్కడే తెలిసింది. లోపల సున్నపురాయి మీద నీరు బొట్టు బొట్టుగా దిగి ఎన్నో వేల ఏళ్ళకి కట్టిన శిలలున్నాయి, శివలింగముంది, చూసి తీరాల్సినవే. నాకు మాత్రం ఆ పై మెట్టు దగ్గర గడిపిన సమయమే ఎక్కువ విలువైనదిగా అనిపిస్తుంది.

పైకొచ్చాక బొంగు చికెన్ తిన్నాం. ఒక గిరిజన మహిళ పచ్చి వెదురు బొంగుని కణుపు దగ్గర కోసి, ఉప్పూ కారం మసాలా పట్టించిన ముక్కలు అందులోకి దూర్చి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద పెట్టింది. నూనె చుక్క వెయ్యలేదు, నీళ్ళు పొయ్యలేదు. బొంగు పైన నల్లబడుతుంటే చేత్తో తిప్పుతూనే ఉంది. అంచులోంచి ఆవిరి చిమ్మడం మొదలయ్యాక దించి, ఆకు తీసి విస్తట్లోకి తట్టింది. పచ్చి వెదురులోని తడికే ముక్క మెత్తగా ఉడికిపోయింది. ఎంతయిందో లెక్క చూసి డబ్బులిచ్చింది మా టైలరు.

ఎందుకంటే మా డబ్బు సంచీ తన దగ్గరే ఉంటుంది. నెలనెలా అందరం ఒకే మొత్తం తనకి ఇస్తాం. ఎంతని తేల్చింది తనే. తను సులువుగా వెయ్యగలిగినంత, అందరికీ అంతే. ప్రయాణంలో రైలు టిక్కెట్టు దగ్గర్నుంచి టీనీళ్ళ దాకా అన్నిటికీ ఆ సంచీలోంచే. కొట్టు నడిపే మనిషి కాబట్టి బేరమాడటం వచ్చు, చిల్లర సహా లెక్క రాస్తుంది. డబ్బు తక్కువున్న మనిషి చేతిలోనే డబ్బుండటం వల్ల, ‘నా వాటా ఎవరిస్తున్నారు’ అన్న బెంగ తనకి లేదు, ‘తన వాటా నేనిస్తే ఏమనుకుంటుందో’ అన్న ఇబ్బంది మిగతావాళ్ళకి లేదు.

ఈ పద్ధతి మా అమెరికా స్నేహితురాలికి మొదట్లో నచ్చలేదు. పండగకి వచ్చినప్పుడు అరకులో మంచి రిసార్టు చూశాను, ఖర్చంతా నాది, మీరు వస్తే చాలు అంది. తన మనసు వెన్నే, అందులో నాకే అనుమానమూ లేదు. ఎన్నో ఏళ్ళు దూరంగా ఉన్న మనిషికి ఏదో ఒకటి చెయ్యాలని ఉంటుంది. అయినా మేం ఒప్పుకోలేదు. “నేను పెట్టుకుంటే మీకేం నష్టమే? నేను పరాయిదాన్నయిపోయానా?” అని గట్టిగానే అడిగింది. టైలరే జవాబు చెప్పింది: “నువ్వు పెట్టుకుంటే మేం చుట్టాలమైపోతామే. చుట్టాలింటికెళ్తే మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకోగలమేటే?” అమెరికావిడ ఆ పూటంతా ముభావంగా ఉంది. తర్వాత రైల్లో, మిగతావాళ్ళతో పాటే తన నెలవారీ మొత్తం పోగేసి బాకీతో సహా ఇచ్చింది. టైలరు పుస్తకంలో తన పేరుకి ఒక వరస గీసింది. ఇప్పుడు రాలేని ఏడాది కూడా ఆ డబ్బు పంపుతుంది.

చిన్న మొత్తంతో ఎంత దూరం వెళ్తాం అనుకోనక్కర్లేదు. మా ప్రాంతంలో ఒక్క గోస్తనీ నది వెంట తిరిగినా ఏళ్ళు పడుతుంది. బొర్రా గుహల్లోంచి వచ్చే ఏరు అదే. గుహ పైకప్పు కన్నంలోంచి ఆవు లోపల పడిందని, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనబడిందని అక్కడివాళ్ళు కథ చెబుతారు. ఆ నీళ్ళే కిందికొచ్చి తాటిపూడి జలాశయంలో నిలుస్తాయి, విశాఖపట్నం తాగే నీళ్ళలో అవీ ఉన్నాయి. అక్కణ్ణుంచి ఏరు భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒకసారి తాటిపూడి గట్టు మీద పులిహోర, దద్దోజనం తిని సాయంత్రానికి ఇళ్ళకి చేరిపోయాం. 1861లోనే మునిసిపాలిటీ అయిన భీమిలికి విశాఖ నుంచి సముద్రం పక్కనే సిటీ బస్సులో వెళ్ళాం. దీపస్తంభం, డచ్చివాళ్ళ సమాధులు చూసి, ఏరూ సముద్రమూ కలిసే చోట చీకటి పడేదాకా కూర్చున్నాం. బస్సు ఖర్చు మాటకొస్తే, 2025 ఆగస్టు 15 నుంచి మన ఆర్టీసీలో స్త్రీశక్తి పథకం వచ్చింది కదా, ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు. తెలంగాణలో మహాలక్ష్మి పథకంతో 2023 డిసెంబరు నుంచే ఉంది. ఆడవాళ్ళు ఆస్పత్రికో పనికో వెళ్ళడానికే కాదు, స్నేహితురాలిని చూడటానికి కూడా బస్సెక్కుతున్నారు. అందుకు నేను మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాను.

పూర్వ విద్యార్థుల సమ్మేళనాలకీ వెళ్తాను. మేం మళ్ళీ దొరికింది అలాంటి ఒక కలయికలోనే. చదువు చెప్పిన మాస్టార్లకి శాలువా కప్పి కాళ్ళకి దండం పెట్టే అవకాశం ఇంకెక్కడ వస్తుంది? కానీ వందమంది ఉన్న ఫంక్షన్ హాల్లో, మైకు మోగుతుండగా, ఇద్దరు మనుషులు తమ ఇంట్లో కష్టం చెప్పుకోలేరు. అక్కడ ఫోన్ నంబర్లు తీసుకోవాలి. మాట్లాడుకోవడానికి మళ్ళీ నలుగురైదుగురు విడిగా వెళ్ళాలి.

పోయిన కార్తీకంలో మా ఇంటిపట్టు స్నేహితురాలికి అసలు కుదరలేదు. అత్తగారి పరిస్థితి బాగా లేదు, తోటికోడలికి ఆపరేషను. “మీరు వెళ్ళండే, ఫోటోలు పెట్టండి” అంది. నేను పైన రాసిన “నాకు కొంచెం పనుంది”కి ఇది అక్కచెల్లెలు. అందుకని మేమే తన ఇంటికి వెళ్ళాం. డాబా మీద చాపలు పరిచాం. ఉసిరిచెట్టు లేనిచోట కొమ్మ తెచ్చి పెట్టుకునే ఆచారం ఎలాగూ ఉంది, టీచరు స్కూలు తోటలోంచి తెచ్చిన కొమ్మని బిందెలో నిలబెట్టాం. వంట నలుగురం చేశాం, తనని ఆ రోజు పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ముందుగా కింద ఉన్న పెద్దావిడకి మెత్తగా కలిపిన పప్పన్నం తినిపించింది ఆఫీసరు. డాబా మెట్లు మోకాళ్ళకి పడవు కాబట్టి కింద తోడుండే వంతు తనే తీసుకుంది, మధ్యలో నేను, తర్వాత టీచరు మార్చుకున్నాం.

ఈ ఏడు ఎక్కడికో ఇంకా తేలలేదు. తోటికోడలు కోలుకుంది, ఏ ఆదివారం వస్తానంటే ఆ ఆదివారం. పుణ్యగిరి వెళ్దామని టైలరు అంటోంది. శృంగవరపుకోట దాకా బస్సుంది, అక్కడ ధార ఉంది, శివుడి గుడి ఉంది. మెట్లు ఎన్నున్నాయో కనుక్కోమని నాకు పురమాయించింది.