రెండు రాజుల్ని ఎప్పుడు వదులుకోవాలి?

రమ్మీ ఆడేవాళ్ళకు డ్రాప్ కొత్త కాదు. పదమూడు ముక్కలూ పేర్చి చూసుకుని, సీక్వెన్స్ కుదిరే జాడ కనపడకపోతే మొదట్లోనే 20 పాయింట్లు రాయించుకుని తప్పుకుంటారు. మొండికేస్తే 80 దాకా మీద పడొచ్చని తెలుసు. పడేసేది చెత్త ముక్కలే కాబట్టి మనసు కూడా పెద్దగా ఎదురు తిరగదు. పోకర్‌లో, ముఖ్యంగా టెక్సాస్ హోల్డెమ్‌లో, కష్టమంతా మంచి ముక్కలు పడేయాల్సి వచ్చినప్పుడే. ఇందులో ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలే వస్తాయి; 52 ముక్కల్లోంచి రెండేసి చొప్పున 1,326 జతలు వస్తాయి. వాటిలో రాజుల జతలు ఆరు, అంటే సగటున 221 పంపకాలకు ఒకసారి. అంతసేపు ఎదురుచూశాక చేతికొచ్చిన జతను ‘ఫోల్డ్’ అని ముందుకు తోసేయడానికి చెయ్యి రాదు. కానీ చెయ్యి బలం పంచినప్పుడే తేలిపోదని నా వాదన. ఎదుటివాడు పందెం కాసిన ప్రతిసారీ దాన్ని కొత్తగా లెక్కగట్టాలి.

ఒక చెయ్యి తీసుకుందాం. మీ దగ్గర రెండు రాజులు. మీరు పందెం పెంచారు, ఒక్కడు సరే అని నిలబడ్డాడు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచే ముక్కల్లో మొదటి మూడు: ఇస్పేటు ఆసు, డైమను 9, కళావరు 3. చేతిలో రాజుల జత ఉన్నప్పుడు ఈ మొదటి మూడింటిలో కనీసం ఒక ఆసు పడే అవకాశం 22 శాతం పైనే, కాబట్టి దీన్ని దురదృష్టమని విసుక్కోనక్కర్లేదు. మీరు చెక్ అన్నారు, అంటే పందెం వేయకుండా ఊరుకున్నారు; అతను పాట్‌లో, అంటే అప్పటిదాకా పోగైన పందెం సొమ్ములో, సగం కాశాడు. పాట్ 100 అనుకుంటే, 50 పెడితే 150 గెలుస్తారు, అంటే నాలుగింట ఒక వంతు సార్లు నెగ్గినా మీకు నష్టం లేదు. అతని దగ్గర ఆసు-రాణి, ఆసు-జాకీ, ఆసు-పది ఉండొచ్చు. బయట మూడు ఆసులే మిగిలాయి కాబట్టి అవి ఒక్కోటి 12 రకాలుగా, మొత్తం 36 రకాలుగా వస్తాయి. రాణుల జత, జాకీల జత, పదుల జత ఒక్కోటి ఆరు, మొత్తం 18. ఈ 54లో మీరు 18 మీద ముందున్నారు, అంటే మూడో వంతు. కావలసింది నాలుగో వంతే. ఇక్కడ నిలబడటమే సరైన ఆట.

తర్వాత ఆటీను 3 పడింది, ఆ పైన కళావరు 8. నాలుగో ముక్క దగ్గరా అతను కాశాడు, చివరికి మొత్తం పాట్ అంత కాశాడు. మీ రాజులు మారలేదు, ఎదురుగా ఉన్నవి మారాయి. బల్ల మీద ఆసు ఉండగా రాణుల జత పట్టుకున్నవాడు అంత పెద్ద పందెం వెయ్యడు, చెక్ చేసి ఊరికే షో చూస్తాడు. మీరు గెలవాల్సిన ఆ 18 జతలూ లెక్కలోంచి వెళ్ళిపోయాయి, ఓడించే 36 అలాగే ఉన్నాయి. పాట్‌ను మళ్ళీ 100గా తీసుకుంటే, 100 పెట్టి 200 కోసం ఆడాలంటే మూడింట ఒకసారి నెగ్గాలి. అందుకు అతని దగ్గర కనీసం 18 రకాల బ్లఫ్‌లు ఉండాలి. ఈ బల్ల మీద ఫ్లష్ (ఒకే రంగు ముక్కలు ఐదు) కుదరదు, స్ట్రెయిట్ (వరుస ముక్కలు ఐదు) కుదరదు, వాటికోసం ఆశపడి విఫలమైనవాళ్ళూ అరుదే. ఆ 18 ఎక్కణ్ణుంచి వస్తాయి? మొదట నిలబడిన చేతినే ఇప్పుడు పడేయాలి. రెండు నిర్ణయాలూ ఒకే లెక్క నుంచి వచ్చినవే, వాటి మధ్య వైరుధ్యం లేదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. పాట్ అంత పందెం ఎదురైనప్పుడు సగానికి మించి ఫోల్డ్ చేసేవాడి మీద ఎదుటివాడు ఏ ముక్కలతోనైనా కాసి లాభపడతాడు. రాజుల్నే పడేస్తే ఇక దేనితో నిలబడతాం? మాట నిజమే. కానీ ఆ సగం మీరు ఈ స్థితికి తెచ్చే చేతులన్నిటిలో సగం, ఈ ఒక్క జత కాదు. ఈ బల్ల మీద రెండు రాజుల కన్నా ఆసు-5తో నిలబడటం మేలు. ఆ 36 జతల ముందు రెండూ ఓడతాయి, బ్లఫ్ ముందు రెండూ నెగ్గుతాయి. అయితే మీ చేతిలో ఒక ఆసు ఉంటే బయట మిగిలేవి రెండే, 36 కాస్తా 24 అవుతుంది. పంచినప్పుడు చాలామంది విసిరేసే ముక్కలు ఇక్కడ రాజుల్ని మించిపోయాయి! చెయ్యి బలం మారుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదనుకుంటాను.

ఈ వాదనను అవతలి కొసకు లాగేవాళ్ళూ ఉన్నారు. బల్ల మీద ఒక్క ముక్కా పడకముందే, ‘అతని దగ్గర ఆసులే ఉన్నాయి’ అంటూ రాజుల్ని పడేసి దాన్ని గొప్ప క్రమశిక్షణగా చెప్పుకుంటారు. నేను ఒప్పుకోను. ఎదుటివాడు రాణుల జత, రాజుల జత, ఆసుల జత, ఆసు-రాజు తప్ప దేనితోనూ పందెం అంతగా పెంచడనే అనుకుందాం. ఆ 21 రకాల్లో ఆసుల జతలు ఆరే, రాజుల జత ఒక్కటి మీతో సమానం, మీరు 14 మీద ముందున్నారు. అక్కడ పడేయడం భయమే.

ఆసుల జతను సైతం పడేయాల్సిన సందర్భం మాత్రం ఒకటి నిజంగా ఉంది: శాటిలైట్ టోర్నమెంట్. పెద్ద టోర్నీకి పది టికెట్లు, అన్నీ సమానం, పదకొండుమంది మిగిలారు. మీ ముందు చిప్స్ దండిగా ఉన్నాయి, ఊరికే కూర్చున్నా ఇంకొకరెవరో ముందు వెళ్ళిపోతారు. మీకన్నా ఎక్కువ చిప్స్ ఉన్నవాడు ఉన్నదంతా కాశాడు. అతను ఏ ముక్కలతోనైనా కాస్తాడనుకుంటే, ఆసుల జత సగటున దాదాపు 85 శాతం సార్లు నెగ్గుతుంది. మిగిలిన 15 శాతంలో టికెట్ పోతుంది, నెగ్గితే రెండో టికెట్ రాదు. ఫోల్డే సరైనది.

ఇంత తేలిక లెక్క చేతిలో ఎందుకు తప్పుతుందంటే, అప్పటికే పాట్‌లో పడ్డ డబ్బు మనసును లాగుతుంది. 1985లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆర్క్స్, బ్లూమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒహాయో యూనివర్సిటీ నాటకాల సీజన్ టికెట్ల మీద ఇదే పరిశీలించారు. పూర్తి ధర పెట్టి కొన్నవాళ్ళు, తగ్గింపు ధరకు కొన్నవాళ్ళకన్నా సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వెళ్ళారు. పాట్‌లో వేసిన డబ్బు ఇక మీది కాదు, దాన్ని కాపాడుకోవాలని నిలబడకండి. పడేశాక ఎదుటివాడి ముక్కలు చూపించమని కూడా అడగకండి. అతను బ్లఫ్ చేశాడని తెలిసినంత మాత్రాన ఆ లెక్క తప్పయిపోదు, కానీ మరుసటి చేతిలో మీరు తప్పు చేయడానికి అదొక్కటి చాలు.

ఆన్‌లైన్‌లో డబ్బు కాసి ఆడే ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. అయినా పైన చెప్పిన లెక్కలు నేర్చుకోవడానికి డబ్బుతో పనిలేదు. ఒక పేక కట్ట, కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని ఆ 36నీ, 18నీ ఒకసారి మీరే లెక్కపెట్టి చూడండి.