ఏడో సంఖ్య

1980లలో అమెరికాలో కమొడోర్ 64 కంప్యూటర్ ఉన్న ఇంటికి ఆటలు ముఖ్యంగా రెండు దారుల్లో వచ్చేవి. ఒకటి, డబ్బు పెట్టి డిస్కో టేపో కొనుక్కోవడం. రెండోది, పత్రికలో అచ్చయిన ప్రోగ్రాంని ముందు పెట్టుకుని ఒక్కో వరసా టైపు చేసుకోవడం. కంప్యూట్స్ గెజెట్ లాంటి పత్రికలు నెలనెలా పేజీలకు పేజీలు ప్రోగ్రాములే అచ్చువేసేవి. ఆ రోజుల్ని తలుచుకునేవాళ్లు వేళ్ల నొప్పుల గురించీ, చివరికి బొమ్మ కదిలినప్పటి సంబరం గురించీ చెబుతారు. ఆ పేజీల్లో దాగిన పనితనమూ చెప్పుకోదగిందే.

బేసిక్‌లో రాసిన ఆట చదివితే ఎంతోకొంత అర్థమవుతుంది. కానీ బేసిక్ నెమ్మది. తెరమీద చురుగ్గా పరుగెత్తే ఆట కావాలంటే యంత్రభాష తప్పదు, యంత్రభాష అచ్చులో వట్టి సంఖ్యలే. బేసిక్ మాటలో అక్షరం పోతే ఆ వరస దగ్గరికొచ్చి కంప్యూటర్ తప్పు చూపిస్తుంది. 169కి బదులు 196 కొడితే మాత్రం ఏమీ అనదు, దానికి అదీ ఒక బైటే, అంటే చెల్లే సంఖ్యే. తీరా ఆట మొదలుపెట్టాక యంత్రం బిగుసుకుపోతుంది. ముందే సేవ్ చేసుకోకపోతే గంటల శ్రమ గల్లంతు.

ఈ చిక్కు తీర్చడానికి చార్ల్స్ బ్రానన్ రాసిన ఎంఎల్‌ఎక్స్ అనే సాధనం 1983 డిసెంబరు కంప్యూట్ పత్రికలో వచ్చింది. ఇది బేసిక్ ప్రోగ్రామే. ముందు దీన్ని టైపు చేసుకుని, ఆ తర్వాత దీని సాయంతో యంత్రభాష సంఖ్యలు ఎక్కించాలి. అచ్చులో ప్రతి వరసకీ మొదట చిరునామా (మెమరీలో ఆ బైట్లు చేరే చోటు), తర్వాత ఆరు బైట్లు, చివర ఏడో సంఖ్య ఉంటాయి. అలాంటి వరస ఒకటి మనమే కట్టి చూద్దాం:

49152: 169, 000, 141, 032, 208, 096, 134

169, 0 కలిస్తే ‘సున్నా చేతిలోకి తీసుకో’ అని. 141 అంటే ‘దాన్ని ఫలానా చోట పెట్టు’. ఆ చోటేదో 32, 208 చెబుతాయి: 208ని 256తో గుణించి 32 కలిపితే 53280, తెర అంచు రంగు ఉండే గడి. 96 అంటే ‘వెనక్కి వెళ్లు’. మొత్తం ఆరు బైట్లూ కలిసి తెర అంచుని నల్లగా మారుస్తాయి.

ఇక ఏడోది. ఆరింటినీ కూడితే 646. అందులోంచి 256ని రెండుసార్లు తీసేస్తే 134. ఎంఎల్‌ఎక్స్ తనూ ఇదే లెక్క వేసి, మీరు కొట్టిన 134తో పోల్చుకుంటుంది. కలిస్తే గంట మోగుతుంది, కలవకపోతే బుర్రుమని ఆ వరస మళ్లీ కొట్టమంటుంది. ఈ కూడికలోకి చిరునామాని 256తో భాగిస్తే వచ్చే శేషం కూడా చేరుతుంది. 49152కి అది సున్నా, తర్వాతి వరస 49158కి ఆరు. కాబట్టి కన్ను జారి ఒక వరస దాటేసి కింది వరస కొట్టినా మొత్తం తేడా కొడుతుంది. సగంలో ఆపి సేవ్ చేసుకుని మర్నాడు కొనసాగించగలగడం కూడా ఇందులో ఉంది. కొన్ని అక్షరాల కీలు అంకెల కీలుగా మారిపోయే వసతి తర్వాత చేరింది.

అయితే కిరాణా చీటీలో పద్దులు కిందా మీదా అయినా మొత్తం మారదు కదా. ఇక్కడా అంతే. 32, 208కి బదులు 208, 32 కొడితే కూడిక 134గానే ఉంటుంది, గంట మోగుతుంది. కానీ సున్నా వెళ్లి 8400వ గడిలో పడుతుంది. అందుకే 1985 చివర్లో వచ్చిన కొత్త ఎంఎల్‌ఎక్స్, సంఖ్య విలువతో పాటు అది వరసలో ఎన్నోదో కూడా లెక్కలోకి తీసుకుంది. 1987 డిసెంబరు గెజెట్‌లో వచ్చిన క్రాస్‌రోడ్స్ ఆటలో జీవులు మన మీదికే కాదు, ఒకదాని మీదికొకటి కూడా దూకుతాయి. అంత సందడి ఆట కూడా పాఠకుల ఇళ్లకి అచ్చు సంఖ్యల రూపంలోనే చేరింది.

మన ఆధార్ సంఖ్యలో పన్నెండో అంకె చేసేదీ ఇలాంటి కాపలాయే. ఒక అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టిస్తుంది. మనిషి చెయ్యి ఎక్కడెక్కడ తడబడుతుందో ముందే ఊహించి, తప్పు జరిగిన చోటే ఆపి, ఒక్క వరసకి మించి తిరిగి కొట్టించకపోవడం ఎంఎల్‌ఎక్స్ గొప్ప. ప్రోగ్రాం రాసినవాడి తెలివి ఆటలో కనిపిస్తే, దాన్ని ఎక్కించుకునేవాడి మీద గౌరవం ఏడో సంఖ్యలో కనిపిస్తుంది.