గంజాయి, పెంపుడు జంతువులు : ఓషానెసీ ప్రయోగములపై ఒక విమర్శ

గంజాయిని గూర్చి ఆధునిక వైద్యులు వ్రాసిన తొలి వ్యాసములలో ప్రసిద్ధమైనది డాక్టరు విలియం బ్రూక్ ఓషానెసీ 1839లో కలకత్తాలో చదివినది. ఆయన అచ్చటి వైద్య కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడు. తరువాత ఈ దేశమున తంతి మార్గములు వేయించినవాడు. రోగులకు ఇచ్చుటకు ముందు ఆయన గంజాయి ద్రవ్యములను జంతువులపై పరీక్షించెను. వాని గుణమును, దోషమును కూడ తూచి చూచిన విద్యార్థికి ప్రయోగమనగా నేమో బోధపడును.

మొదటి పరీక్షలో నడితరపు కుక్క కొకదానికి పది గ్రెయినుల, అనగా సుమారు 650 మిల్లీగ్రాముల, నేపాళ చరసును మద్యసారములో కరగించి ఇచ్చిరి. అరగంటలో అది మందకొడియై కునికిపాట్లు పడెను, నడుమ ఉలికిపడి లేచి తోక ఆడించెను, ఆబగా తినెను, పిలిచినచో తూలుచు నడచెను. ఆరు గంటలలో కోలుకొనెను. మిక్కిలి చిన్నదైన మరియొక కుక్కకు ఇరువది గ్రెయినులు ఇయ్యగా, గంటలో వెనుకకాళ్లు స్వాధీనము తప్పెను; నాలుగు గంటలకు బాగుపడెను. మూడు మేకపిల్లలకు పదేసి గ్రెయినుల గంజాయి సారము ఇయ్యగా, ఒకదానికి ఏమియు కాలేదు. రెండవది మత్తెక్కి సరిగా కదలలేకపోయెను. మూడవదాని ముఖవైఖరి మారెను.

ఇందు మెచ్చదగినది లేకపోలేదు. తూకము, కాలము, లక్షణము అను మూడింటిని ఆయన వ్రాసి పెట్టెను. ఏమియు కాని మేకపిల్లను గూడ దాచక చెప్పెను. ఈ నిజాయితీ వలననే నేడు ఆయనను విమర్శించుట సాధ్యమగుచున్నది.

లోపములలో మొదటిది, మద్యసారము మాత్రమే త్రాగించిన కుక్క లేకపోవుట. తూలుటలో చరసు పాలెంత, మద్యసారము పాలెంత? పోల్చి చూచుటకు వేరొక జంతువు లేని ప్రయోగము ఒంటి తట్ట త్రాసు వంటిది. రెండవది, జంతువుల బరువు చెప్పకపోవుట. చిన్నకుక్క అనినంత మాత్రమున మోతాదు తేలదు.

మూడవది అన్నిటికంటె పెద్దది. కుక్క, పిల్లి, పంది, రాబందు, కాకి వంటి మాంసాహారులకు మత్తు త్వరగా ఎక్కుననియు, గుఱ్ఱము, జింక, కోతి, మేక, గొఱ్ఱె, ఆవులకు ఎంత ఇచ్చినను స్వల్ప ఫలితమే యనియు ఆయన సిద్ధాంతీకరించెను. ఆయన మేకపిల్లలలోనే రెండు దీనికి ఎదురు సాక్ష్యము పలుకుచున్నవి.

తరువాతి శాస్త్రమును దీనిని సమర్థింపలేదు. 1964లో ఇజ్రాయెలులో గావొని, మెషూలమ్ అను శాస్త్రజ్ఞులు గంజాయిలోని మత్తు పదార్థమగు టి.హెచ్.సి. నిర్మాణమును తేల్చిరి. 1988లో అది అంటుకొను గ్రాహకము ఎలుక మెదడులో కనబడెను. అట్టి గ్రాహకములు మాంసాహారులకును, శాకాహారులకును కూడ కలవు. కుక్క చిన్నమెదడులో అవి మెండుగా నుండుటచే దాని నడక అంతగా తప్పును. 2022లో జర్మనీ పరిశోధకులు గంజాయి జాతికే చెందిన హెంపు మొక్క ఆకు, పువ్వులు గల మేతను పాడి ఆవులకు పెట్టిరి. అవి మేత తగ్గించినవి, పాలు తగ్గినవి, గుండె, శ్వాస నెమ్మదించినవి, ఆవులింతలు, చొంగ, తడబాటు కనబడినవి. పాలలోకి సైతము టి.హెచ్.సి. దిగినది!

ఇక కుక్కలు కొన్ని గంటలలో కోలుకొనె ననుటను బట్టి హాని లేదనుకొనరాదు. నేటి పశువైద్యుల అనుభవమున మత్తు ఒక దినమో, అంతకు మించియో నిలుచును. తూలుట, మూత్రము కారుట, కనుపాపలు విప్పారుట, ఒడలు చల్లబడుట ముఖ్య లక్షణములు. మరణములు అరుదు, అయినను అమెరికాలోని కొలరాడోలో 125 కుక్కలను గూర్చి 2012లో ప్రకటించిన పరిశీలనలో రెండు చనిపోయినవి. ఆ రెండును గంజాయి వెన్నతో చేసిన తినుబండారములు తిన్నవే.

ఇది నంద్యాల జిల్లా పగిడ్యాల వంటి ఊళ్లకు దూరపు ముచ్చట కాదు. చేలకు పురుగుమందు కొట్టు పల్లెలో కుక్క తూలి పడినచో ఎవరికైనను మొదట తట్టునది పురుగుమందే. కొన్ని పురుగుమందులకు విరుగుడు కలదు. గంజాయికి ప్రత్యేకమైన విరుగుడు లేదు, వెచ్చదనము, కనిపెట్టి యుండుట మొదలగు ఉపచారములే శరణ్యము. 1985 నాటి చట్టమునకు వెరచి ఇంటివారు నిజము దాచినచో వైద్యుడు లేని జబ్బుకు మందు వేయును. మగతగా నున్న కుక్కకు ఇంటిలో బలవంతముగ వాంతి చేయించుటయు ప్రమాదమే. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.

ఉపాధ్యాయులు ఓషానెసీ మొదటి పరీక్షను నల్లబల్లపై వ్రాసి, దానిని సరిదిద్దుమని విద్యార్థుల నడుగవచ్చును. ఎన్ని జంతువులు, ఏ బరువు, ఎవరికి మద్యసారము మాత్రమే, ఎంతసేపు చూడవలెను? ఒక్క కుక్కకైనను బాధ కలుగకుండ ఆ పాఠము కాగితము మీదనే పూర్తియగును.