కుక్క చావు - మనిషి గెలుపు

సాహిత్యంలో జంతువు మాట్లాడడం కొత్త కాదు. పంచతంత్రం చదువుకున్న మనకు అది వింత అసలే కాదు. ప్రశ్నల్లా ఒక్కటే: ఆ జంతువు నోట ఎవరి మాట వినిపిస్తున్నది? గార్త్ స్టైన్ అనే అమెరికన్ రచయిత 2008లో ప్రచురించిన ‘ది ఆర్ట్ ఆఫ్ రేసింగ్ ఇన్ ది రెయిన్’ నవలను ఈ ప్రశ్నతోనే పరిశీలించదలచాను. 2019లో ఇది సినిమాగా కూడా వచ్చింది. మా విద్యార్థులు కొందరు దీన్ని చదివి కన్నీళ్ళు పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. విమర్శకుడు ఏడవగూడదని ఏ లక్షణ గ్రంథమూ చెప్పలేదు. అయితే ఎందుకు ఏడ్చానని తర్వాతనైనా తర్కించుకోకపోతే అతడు విమర్శకుడు కాడు.

కథ క్లుప్తంగా ఇది. సియాటిల్ నగరంలో డెన్నీ స్విఫ్ట్ అనే యువకుడు మోటారు మరమ్మతు దుకాణంలో కౌంటరు దగ్గర పని చేస్తూ, వీలు దొరికినప్పుడు కారు పందేలలో పాల్గొంటూ వుంటాడు. అతని కుక్క ఎంజో. కథ చెప్పేది అదే. భార్య ఈవ్ మెదడు కాన్సరుతో మరణిస్తుంది. ధనికులైన అత్తమామలు మనవరాలు జోయీని తమకు అప్పగించాలని కోర్టుకెక్కుతారు. పైగా అతని మీద ఒక అబద్ధపు నేరారోపణ. చివరకు ఆరోపణ చేసిన పిల్ల నిజం ఒప్పుకుంటుంది. బిడ్డ తండ్రికి దక్కుతుంది. ఇటలీలోని ఫెరారీ కంపెనీ అతన్ని ఉద్యోగానికి పిలుస్తుంది. కుక్క మరణించి మనిషిగా పుడుతుంది.

ఈ నవలలో వాస్తవికత లేదనడం అన్యాయం. డబ్బున్నవాడు కోర్టులో ఎదుటివాణ్ణి ఓడించనక్కరలేదు, వ్యాజ్యాన్ని సాగదీస్తే చాలు, ఖర్చులే ఓడిస్తాయన్న సత్యాన్ని స్టైన్ బాగా పట్టుకున్నాడు. బిడ్డ మీద హక్కు కూడా ఆస్తి హక్కులాగా ఎట్లా మారిపోతుందో ఆ ఘట్టాలు చూపిస్తాయి. అంతవరకు అతడు మనవాడే.

నాకు వెలితిగా తోచినది మరొకటి. స్టైన్ స్వయంగా ఔత్సాహిక పందేలలో చిన్న మాజ్డా కారు నడిపినవాడు. అయినా నవల దృష్టి అంతా స్టీరింగు మీద, డ్రైవరు మనస్సు మీద. ఇంజను అడుగున తిరిగే చమురు మీద కాదు. ఇది చిన్న విషయమని కొట్టివేయకండి. పేరుమోసిన జట్టుకు చమురు కంపెనీయే చమురు ఇస్తుంది, బదులుగా కారు మీద తన పేరు అంటించుకుంటుంది. జీతం రాళ్ళతో పందేనికి వచ్చేవాడు మాత్రం ప్రతి డబ్బాకూ లెక్క చూసుకోవాలి. పలచని నూనె పోస్తే ఇంజను తేలికగా తిరిగి కాస్త శక్తి మిగులుతుంది. కాని వేడెక్కినప్పుడు బేరింగుల మధ్య పొర తెగే ప్రమాదం పెరుగుతుంది. చిక్కనిది పోస్తే పొర నిలుస్తుంది, వేగం కొంత తగ్గుతుంది. 10డబ్ల్యూ-40 అని డబ్బా మీద వుండే అంకెలు ఈ చిక్కదనాన్నే తెలుపుతాయి. డబ్ల్యూ అంటే చలికాలం. పాత ఇంజన్లలో అరుగుదలను అడ్డుకునేది జింకు, భాస్వరం కలిసిన రసాయనం. ఆ భాస్వరం పొగగొట్టంలోని శుద్ధి యంత్రాన్ని పాడుచేస్తుంది గనక మామూలు కార్ల నూనెల్లో దాన్ని తగ్గించారు. అందుకే ఔత్సాహికులు కొందరు లారీలకు వాడే డీజిల్ ఇంజను నూనెల వైపు చూస్తారు. పందెం అయ్యాక ఫిల్టరును కోసి, లోహపు రజను ఏమైనా పడిందా అని వెలుతురులో చూసుకుంటారు.

ఈ చమురు చరిత్రలో మన ఆముదానికీ చోటున్నది. 1909లో క్యాస్ట్రాల్ అనే పేరు పుట్టింది ఆముదపు ఆంగ్ల నామం నుంచే. కాగే లోహాన్ని ఆముదం గట్టిగా అంటిపెట్టుకుంటుంది. కాని వెనక బంక మిగులుస్తుంది. దాన్ని వాడినవాడు ఇంజను విప్పి శుభ్రం చేయక తప్పదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో ఆముదం కోసిన చేతులకూ, పందెపు బాటకూ మధ్య ఎంత శ్రమ దాగివున్నదో ఆలోచించండి. నవల ఆ శ్రమను కప్పిపుచ్చి, గెలుపును మనోబలం మాత్రమే చేసింది.

కుక్క మరణం దగ్గర ఈ లోపమే పెద్దదవుతుంది. తన చేతిలో వున్నదాన్ని ఎట్లా అదుపు చేయాలన్నదే పుస్తకం పొడుగునా డెన్నీ నేర్పే పాఠం. కాని అత్యంత కఠినమైన నిర్ణయం వచ్చేసరికి రచయిత అతన్ని తప్పించాడు. ఎంజో యజమాని చేతుల్లో, వెళ్ళవచ్చునన్న మాట విని, తనంతట తానే కన్ను మూస్తుంది. ఎందరి ఇళ్ళలో ఇట్లా జరుగుతుంది?

నిరుడు మా కుక్కకు మూత్రపిండాలు చెడ్డాయి. పదమూడేళ్ళది. సెలైను ఎక్కిస్తే రెండు రోజులు లేచేది, మూడోనాడు పడిపోయేది. నేను వారం వారం ఆసుపత్రికి మోసుకుపోయాను. ఒక రాత్రి మా అమ్మ అడిగింది: “ఎవరి కోసం నాయనా, దాన్ని ఇంకా వుంచుకున్నావు?” జవాబు చెప్పలేకపోయాను. మర్నాడు ఇంజక్షనుకు నేనే ఒప్పుకున్నాను. దాని తల నా మోకాలి మీదే వున్నది. అది నాకు అనుమతి ఇవ్వలేదు. మరుజన్మ మాట చెప్పలేదు. ఆ నిర్ణయం బరువు ఇప్పటికీ నాదే. నవల చదువుతూ నేను ఏడ్చింది ఎంజో కోసం కాదని, ఈ బరువు లేని చావు చూసి అసూయతోనని తర్వాత తెలిసింది.

తిక్కన తెలుగు చేసిన మహాప్రస్థానిక పర్వంలోనూ కుక్క వున్నది. దాన్ని విడిచి ఇంద్రుని రథం ఎక్కనన్నాడు ధర్మరాజు. అది యమధర్మరాజని తేలింది తర్వాత. కాదన్న క్షణంలో అతనికి అది వట్టి కుక్కే. అతని గొప్పతనమంతా అక్కడ వున్నది. స్టైన్ కథలో మనిషి జన్మ వస్తుందన్న హామీ ముందే అందుతుంది. దుఃఖానికి ముందే నష్టపరిహారం చెల్లించినట్లయింది. కుక్క మనిషైతేనే దాని బతుకు సార్థకమని ఒప్పుకోవడం కుక్కను గౌరవించడం కాదు. ‘ఋక్కులు’లో శ్రీశ్రీ కుక్కపిల్లను కుక్కపిల్లగానే కవితకు అర్హం చేశాడు. అది ఇంతకన్నా ముందడుగు.

జంతువు కథకు ఇంత విచారణ దేనికని అడిగేవారుండవచ్చు. కష్టాల్లో కూరుకున్న కార్మికుణ్ణి పెద్ద కంపెనీ పిలుపు గట్టెక్కిస్తుందనీ, చావు బాధను మరుజన్మ తీరుస్తుందనీ పాఠకుణ్ణి నమ్మించేది ఒకే ఊరడింపు. విద్యార్థులు ఈ నవలను తప్పక చదవాలి, ఏడవాలి కూడా. ఆ తర్వాత ఫిల్టరు కోసి చూసే ఔత్సాహికునిలాగా, తమ కన్నీళ్ళ అడుగున ఏమి మిగిలిందో వెలుతురులో పెట్టి చూసుకోవాలి.