అన్నము – అధికారము: రెండు నవలల తులనాత్మక పరిశీలన

ఆకలిని చిత్రించిన రచనలన్నింటిని కరుణరస ప్రధానములని ఒక్క తెగలో చేర్చుట మన విమర్శలో తరచుగా కనిపించుచున్నది. దీనివలన ఒక ముఖ్యప్రశ్న మరుగున పడుచున్నది. పంట యుండగా ఆకలి యేల కలిగినది? ఈ ప్రశ్నను సూటిగా అడిగిన నవలలు రెండు: ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ (1922), అమెరికా రచయిత జాన్ స్టెయిన్‌బెక్ రచించిన ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ (1939). మొదటిదానిని మద్రాసు ప్రభుత్వము నిషేధించినది; రెండవదానిని కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీ తన గ్రంథాలయములనుండి, పాఠశాలలనుండి తొలగించినది.

స్టెయిన్‌బెక్ నవలలో జోడ్ కుటుంబము భూమిని కోల్పోయి, ఓక్లహామానుండి కాలిఫోర్నియాకు పొట్ట చేతబట్టుకొని పోవును. అచట పంటకు కొదువ లేదు. అయినను ధర నిలుపుటకై నారింజపండ్లపై కిరసనాయిలు చల్లింతురు. బంగాళాదుంపలను ఏటిలో పారబోసి కాపలా పెట్టుదురు. అచటి ఆకలికి కారణము కరవు కాదు, లాభము.

మాలపల్లిలో సొమ్మునకు కులము తోడైనది. కూలి తగవులో సంగదాసు చౌదరయ్య చేతిలో హతుడగును. అతని అన్న వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై ‘ధర్మకన్నములు’ వేయును. దీనిని కేవలము సాహసగాథగా చదువుట పొరపాటు. ‘ధర్మము’, ‘కన్నము’ అను రెండు మాటలను జోడించుటలోనే నవలయొక్క వాదమున్నది: పండించినవాని నోటి ముద్దను లాగుకొన్నవాడు దొంగయా, దానిని మరల తెచ్చినవాడు దొంగయా? తండ్రి రామదాసు శాంతిమార్గము ఈ ప్రశ్నకు ఎదురుగా నిలిచి, దానిని తేలికగా తీరనీయదు.

స్టెయిన్‌బెక్ నవల చివర, బిడ్డను పోగొట్టుకొన్న రోజ్ ఆఫ్ షారన్ ఆకలితో ప్రాణము పోవుచున్న అపరిచితునకు చనుబాలిచ్చును. అది మహోన్నత ఘట్టమే. కాని దానము ఒకనాటి ఆకలిని తీర్చును, హక్కును నిర్ణయింపదు. ఉన్నవవారు అడిగినది హక్కును.

హుస్నాబాదు ప్రాంత విద్యార్థికి ఇది పుస్తకములలోని మాట మాత్రమే కాదు. ఇచటికి సమీపమున మహమ్మదాపురమువద్ద 1948 మార్చి 14న అనభేరి ప్రభాకరరావు నేలకొరిగెను. ఆ తెలంగాణ రైతాంగ పోరాటములో దొరల గరిసెలు తెరచి ప్రజలు ధాన్యము పంచుకొనిరి. నవలలో ఒకడు రాత్రివేళ చేసిన పనిని ఊరు పగటివేళ చేసినది.

కావున పరిశోధకుడు ఆకలిని చదువునపుడు కన్నీటితో ఆగరాదు. అన్నమును ఎవరు పండించిరి, ఎవరు వడ్డించిరి, ఎవరిని ఎడముగా నిలిపిరి అని విచారింపవలెను.