పీడకలకు చట్రం బిగించిన వాళ్లు

వాల్టర్ క్రెయిగ్ ఒక ఆర్కిటెక్ట్. పల్లెటూళ్లోని ఓ ఇంటికి మరమ్మతుల పని మీద కారులో వస్తాడు. లోపల కూర్చున్న అతిథులను చూసి, మీ అందరినీ నేను కలలో చూశాను, ఒకసారి కాదు, పదేపదే చూశాను అంటాడు. 1945 సెప్టెంబరులో లండన్‌లోని ఈలింగ్ స్టూడియో విడుదల చేసిన ‘డెడ్ ఆఫ్ నైట్’ మొదలయ్యేది ఇలాగే. అతిథులు తలా ఒక కథ చెప్తారు. మొత్తం అయిదు కథలు, వాటిని కలిపే కథ మరొకటి. నిర్మాత మైకేల్ బాల్కన్ ఆ పనిని నలుగురు దర్శకులకు పంచాడు. ఇన్ని చేతులు పడినా అతుకు కనిపించకపోవడమే ఈ సినిమా పనితనం.

కథలో కథ మనకు కొత్త కాదు. భేతాళుడు ప్రతి కథ చివరా చెట్టెక్కుతూనే ఉంటాడు, విక్రమార్కుడు మళ్లీ భుజాన వేసుకుంటూనే ఉంటాడు. మన రామ్ గోపాల్ వర్మ నిర్మించిన ‘డర్నా మనా హై’ (2003) కూడా అడవిలో చిక్కుకున్న స్నేహితులు చెప్పుకునే కథల మాల. అయితే భేతాళ కథల్లో ఏ కథ విన్నా విక్రమార్కుడు మారడు. ఇక్కడ ఒక్కో కథ పూర్తయ్యేసరికి క్రెయిగ్‌కు తన కల ఇంకొంచెం గుర్తొస్తుంది. గదిలో ఉన్న మానసిక వైద్యుడు వాన్ స్ట్రాటెన్ ప్రతిదానికీ శాస్త్రీయమైన కారణం చెప్తాడు. ఆయన కొట్టిపారేసిన కొద్దీ క్రెయిగ్ భయం బలపడుతుంది. మిగతా కథలన్నీ ఒక ఎత్తు, వాటిని మోసే ఈ చట్రం ఒక ఎత్తు.

మొదటి కథ చిన్నది. బాసిల్ డియర్డెన్ దర్శకత్వం. ప్రమాదంలో గాయపడిన రేసు కారు డ్రైవరు రాత్రి ఆసుపత్రి మంచం మీద చదువుకుంటూ ఉంటాడు. గడియారంలో తొమ్మిదీ ముప్పావు. మళ్లీ చూస్తే నాలుగుంపావు. లేచి తెర తొలగిస్తే బయట పట్టపగలు. కింద శవాల బండి, దాని తోలరి తలెత్తి, లోపల ఒక్కరికే చోటుందని పిలుస్తాడు. డిశ్చార్జి అయ్యాక అతను బస్సెక్కబోతే అదే మనిషి కండక్టరుగా అదే మాట అంటాడు. వేళ కూడా నాలుగుంపావే. విశాఖ జగదాంబ జంక్షన్‌లో గాజువాక బస్సు ఎక్కేవాళ్లం రోజూ వినే పిలుపే కదా ఇది! నటుడు మైల్స్ మాలెసన్ గొంతులో బెదిరింపు ఏమాత్రం ఉండదు, కండక్టరు మర్యాదే ఉంటుంది. ఆ మర్యాదే ఒళ్లు జలదరింపజేస్తుంది.

ఈ నిబ్బరానికి కాలం కూడా ఒక కారణమనుకుంటాను. అప్పటికి బ్రిటన్ ఏళ్ల తరబడి బాంబుల కింద బతికింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖ మీదా బాంబులు వేశాయి. నిజమైన సైరన్ విన్నవాళ్లను పెద్ద చప్పుడుతో భయపెట్టడం కుదరదు. అందుకే ఈ దర్శకులు గడియారం, అద్దం, బొమ్మ లాంటి ఇంట్లో వస్తువులనే పట్టుకున్నారు.

దాగుడుమూతల క్రిస్మస్ కథ తరువాత వచ్చే, రాబర్ట్ హేమర్ తీసిన అద్దం కథ చూడండి. గూగీ విదర్స్ పాత్ర జోన్ తనకు కాబోయే భర్తకు పాతకాలపు అద్దం కానుకగా ఇస్తుంది. అతనికి అందులో తన గది కనిపించదు. చెక్కడపు పనితనమున్న మంచం, కాలుతున్న నెగడు ఉన్న ఇంకెవరిదో గది కనిపిస్తుంది. జోన్‌కు మాత్రం అద్దంలో మామూలు గదే. అందువల్ల చాలాసేపు మనం అతన్ని నమ్మాలా, ఆమెను నమ్మాలా అన్న సందిగ్ధంలోనే ఉంటాం. చివరికి అతను ఆమె గొంతు బిగిస్తున్నప్పుడు, తొలిసారి ఆమెకూ ఆ గది కనిపిస్తుంది. ఒక్క చూపుతో సందేహం తీరిపోతుంది. వెంటనే ఆమె అద్దం పగలగొడుతుంది. హేమర్ ఆ చూపును అప్పటిదాకా దాచిపెట్టడంలో ఎంత ఓపిక ఉందో!

నాలుగోది చార్లెస్ క్రైటన్ తీసిన గోల్ఫు హాస్యకథ. విడిగా చూస్తే అన్నిట్లోకీ పలచనిదే. కానీ అది ఉన్న చోటు సరైనది. నవ్వి ఒళ్లు వదులు చేసుకున్న ప్రేక్షకుడి మీదికి కావల్కాంటి తీసిన బొమ్మ కథ వచ్చి పడుతుంది.

ఇందులో మైకేల్ రెడ్‌గ్రేవ్ వెంట్రిలాక్విస్టు మాక్స్‌వెల్ ఫ్రియర్. ఒళ్లో కూర్చునే బొమ్మ పేరు హ్యూగో. బొమ్మ హుషారుగా ఉన్నకొద్దీ మనిషి మొహంలో జీవం పోతూ ఉంటుంది. హ్యూగో తనను వదిలి మరో కళాకారుడితో వెళ్లిపోతాడన్న అనుమానంతో ఫ్రియర్ ఆ కళాకారుణ్ని కాలుస్తాడు. జైలు గదిలో బొమ్మ మొహాన్ని కాలితో తొక్కేస్తాడు. ఆఖర్న ఆసుపత్రిలో, గాయం నుంచి కోలుకున్న ఆ కళాకారుడే చూడవస్తాడు. ఫ్రియర్ నోరు కష్టంగా తెరుచుకుంటుంది, వచ్చేది హ్యూగో గొంతు. రెడ్‌గ్రేవ్ ఆ కొద్ది క్షణాల్లో పెదవులు కదిపే తీరు బొమ్మ దవడ కదిలే తీరే. ఇంకో సంగతి, ఈ కథ చెప్పేది వాన్ స్ట్రాటెన్. ఇవేవీ నమ్మనన్న వైద్యుడి నోటే అన్నిటికంటే జవాబు లేని కథ చెప్పించారు.

ఆ తరువాత ముడి విప్పుతారు. క్రెయిగ్ వైద్యుడి గొంతు నులిమి పారిపోతాడు. పారిపోయి వెళ్లేది ఇందాకటి కథల్లోకే. దాగుడుమూతల ఇల్లు, శవాల బండి తోలరి మొహం, హ్యూగో అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. అంతలో మెలకువ. ఫోను మోగుతుంది. ఎవరో పల్లెటూళ్లోని తమ ఇంటికి రమ్మంటారు. కారు మళ్లీ ఆ ఇంటి ముందు ఆగుతుంది.

కేంబ్రిడ్జిలో ఈ సినిమా చూసిన ఫ్రెడ్ హోయల్, హెర్మన్ బోండి, థామస్ గోల్డ్‌లకు, విశ్వం కూడా ఇలా ఆద్యంతాలు లేనిదైతే అన్న ఆలోచన వచ్చింది. 1948లో వాళ్లు ప్రకటించిన స్థిరస్థితి సిద్ధాంతానికి అదే మొలక. తరువాతి పరిశీలనలు ఆ సిద్ధాంతాన్ని పక్కకు నెట్టాయి. అయినా ఒక దెయ్యం సినిమా ముగ్గురు శాస్త్రవేత్తలను అంత దూరం నడిపించడం అపురూపం.

అమెరికాలో విడుదల చేసినప్పుడు గోల్ఫు కథనూ, దాగుడుమూతల క్రిస్మస్ కథనూ కోసేశారు. దాంతో ఆఖరి పీడకలలో క్రెయిగ్ చుట్టూ మూగే పిల్లలెవరో అక్కడి ప్రేక్షకులకు అర్థం కాలేదు. ఒక్క మేకు తీసినా చట్రం వదులైపోయేలా ఉంది దీని కట్టుబడి. చూడదలచినవాళ్లు వంద నిమిషాలు దాటే పూర్తి ప్రతినే వెతుక్కోండి.