గుర్తు తెలియక కాదు

మా ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నాడు. పేరు రాయడం లేదు. అలాంటి పెద్దాయన మీ ఊళ్ళోనూ ఉంటాడు. ఓటు వచ్చిన నాటి నుంచీ ఆయన ఒకే గుర్తుకు వేశాడు. నిలబడింది ఎవరని ఏనాడూ అడగలేదు. కాలనీ ఇల్లు ఆ పార్టీ కాలంలోనే వచ్చింది. పట్టా కాగితం ఆ పార్టీ నాయకుడి చేతుల మీదుగానే అందింది. అందుకే ఆ గుర్తుతో ఆయనకు చుట్టరికం కుదిరింది. దాన్ని అమాయకత్వం అనడానికి మాకు నోరు రాదు. మేలు చేసినవాడిని మరవకపోవడం మా పెద్దలు మాకు నేర్పిన మర్యాద.

2024 ఎన్నికల్లో ఆయన బూత్ నుంచి బయటికొచ్చి, "ఒరే, ఈసారి అందరికంటే కిందున్న మీట నొక్కాను" అన్నాడు. అది నోటా. ఎందుకని అడిగాం. కోడలిని కాన్పుకు డోలీలో మోసుకెళ్ళిన సంగతి చెప్పాడు. రోడ్డు మాట మూడు ఎన్నికలుగా వింటున్నామన్నాడు. అడగడానికి వెళితే నాయకుడు భుజం తట్టి, "మీరు మనవాళ్ళే కదా, తొందరెందుకు?" అన్నాడట. పెద్దాయనకు విరుపు అక్కడే వచ్చింది. మనవాళ్ళంటే చివర్లో చూసుకోవచ్చు అని అర్థమని ఆయనకు ఆ రోజే తెలిసింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019లో అరకు లోక్‌సభ స్థానంలో నోటాకు దాదాపు 48 వేల ఓట్లు పడ్డాయి. రాష్ట్రంలో మరే లోక్‌సభ స్థానంలోనూ అన్ని పడలేదు. 2024లో అక్కడే ఆ లెక్క 50 వేలు దాటింది. గెలిచినవారి మెజారిటీ కూడా సుమారు 50 వేలే.

ఈ లెక్కను పట్నంలో చదివే తీరు వేరు. గిరిజనులకు చదువు లేదు, మీట తెలియక నొక్కారు, అవగాహన కల్పించాలి అంటారు. పొరపాటున పడ్డవి కొన్ని ఉండొచ్చు, కాదనం. కానీ నలభై ఏళ్ళు అక్షరం రాకుండానే గుర్తు చూసి సరిగ్గా ఓటేసిన మనిషికి ఇప్పుడు గుర్తు కనబడకుండా పోయిందా? మా ఓటు పార్టీకి పడితే తెలివి, పడకపోతే తెలియనితనమా? మా కోపాన్ని కోపంగా చదవడానికి ఇష్టం లేనివాళ్ళు దానికి నిరక్షరాస్యత అని పేరు పెట్టారు. మా అభ్యంతరం ఇక్కడే.

మరి ఈ విరుపు ఒక్క పార్టీ మీదేనా? గుర్తు మారిస్తే తీరుతుందా? మాకు అలా అనిపించడం లేదు. ఎస్టీ స్థానంలో ఏ పార్టీ నిలబెట్టినా మనవాడే నిలబడతాడు. టికెట్ ఇచ్చేది మాత్రం మనం కాదు. 1985 నాటి ఫిరాయింపుల చట్టం వచ్చాక సభలో విప్‌ను కాదని ఓటేస్తే పదవి పోతుంది. కాబట్టి మనిషి మనవాడే అయినా సభలో గొంతు పార్టీదవుతుంది. అయినా రాజ్యాంగం మన ఎమ్మెల్యేలకు మరో చోటు ఇచ్చింది. ఐదో షెడ్యూల్ ప్రకారం గిరిజన సలహా మండలిలో ఉండేది 20 మందికి మించరు. అందులో సుమారు నాలుగింట మూడు వంతులు ఎస్టీ ఎమ్మెల్యేలే. అక్కడ ఏం మాట్లాడారని మనం ఎప్పుడైనా అడిగామా? కండువా రంగు చూశాం గానీ ఆ ప్రశ్న వేయలేదు.

టీచర్లకు బాగా తెలిసిన సంగతే చూద్దాం. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. డీఎస్సీకి చదువుకుంటున్న మన పిల్లల కాళ్ళ కింద నేల కదిలింది. తర్వాతి ఎన్నికల సభల్లో అదే జీవో హామీగా మారింది. పోయిన హక్కు కూడా ఓటు అడగడానికి పనికొచ్చింది. ఆ సభల్లో చప్పట్లు కొట్టినవాళ్ళలో చదువుకున్న మనమూ ఉన్నాం. పెద్దాయన గుర్తును నమ్మాడు, మనం మైకును నమ్మాం. తేడా అంతే.

నోటా మీదా మాకో మాట ఉంది. అది వద్దు అని చెబుతుంది. ఏం కావాలో చెప్పదు. దానికి అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా తర్వాత ఉన్న అభ్యర్థే గెలుస్తాడు. అయిదేళ్ళకు ఒకసారి మీట మీద చూపిన కోపం మర్నాటికి చల్లారితే పార్టీలకు నష్టం లేదు.

కోపం నిలబడే చోటు గ్రామసభ. 1996 నాటి పెసా చట్టం ప్రకారం పథకాలను, పనులను పంచాయతీ అమలు చేసేముందు గ్రామసభ ఆమోదించాలి. లబ్ధిదారులను గుర్తించేది గ్రామసభే. పంచాయతీ ఖర్చు పెట్టిన డబ్బుకు ధ్రువపత్రం ఇవ్వాల్సిందీ గ్రామసభే. మరి మన ఊళ్ళలో ఆ పత్రం ఎవరు రాస్తున్నారు? ఎవరి ఇంట్లో కూర్చుని సంతకాలు పెట్టిస్తున్నారు? ఏ పార్టీ గెలిచినా ఈ ప్రశ్న ఆగకూడదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఏ జెండా పట్టుకోవాలో మేము చెప్పం. పట్టుకున్నవాళ్ళు తమ పార్టీనే ముందు అడగండి. "మనవాళ్ళే కదా" అంటే, మనవాళ్ళం కాబట్టే అడుగుతున్నాం అనండి. టీచర్లకు ఒక పని. పెసాలో గ్రామసభ గురించి ఉన్న నాలుగో సెక్షన్‌ను కువిలోనో, కోయలోనో, సవరలోనో, మీ ఊరి మాటలో చదివి వినిపించండి. మా ఊళ్ళో మొదట ఆ పెద్దాయనకే వినిపించాం. అంతా విని, "ఇది ఇన్నాళ్ళూ ఎవడూ చెప్పలేదేం?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.